చెవిని పక్కన పెట్టి గ్రామర్‌ని కొలవకండి: ఇంగ్లిష్ ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రశ్నపత్రాల రూపకర్తలకు,

నమస్కారం.

నేను పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే టీచర్ని. మీరిచ్చే పేపర్‌కి పిల్లల్ని తయారుచేయడం, వాళ్లు రాసింది దిద్దడం నా పని. ఈ ఉత్తరం ఒక అమ్మాయి జవాబు కాగితం వల్ల పుట్టింది. ముందు ఆ కాగితం మీకు చూపించి, తర్వాత నా మాట చెబుతాను.

పరీక్షలకు నెల ముందు, రివిజన్ మధ్యలో, ఒకరోజు పిల్లలకు చిన్న డిక్టేషన్ పెట్టాను. రికార్డు చేసిన గొంతు, మనుషులు మామూలుగా మాట్లాడుకునే వేగం. అందులో ఒక వాక్యం ఇది: ‘షీజ్ వర్క్ట్ హియర్ ఫర్ యియర్స్, సో షీడ్ హావ్ టోల్డ్ అజ్.’ ఆమె ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తోంది, అలాంటిదేమైనా ఉంటే మనకు చెప్పి ఉండేది అని అర్థం. మా అమ్మాయి రాసింది ఇది: ‘షి వర్క్ హియర్ ఫర్ యియర్స్ సో షి టోల్డ్ అజ్.’

అదే వారం ఆమె రాసిన గ్రామర్ పేపర్ తీసి పక్కన పెట్టుకున్నాను. ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఖాళీలు ఐదూ కరెక్టే. ‘వుడ్ హావ్’ తర్వాత క్రియకు మూడో రూపం రావాలన్న బిట్టూ కరెక్టే. రూల్ అడిగితే నిద్రలో లేపినా చెబుతుంది. అదే రూల్ ఒక మనిషి గొంతులో ఎదురైతే మాత్రం పోల్చుకోలేకపోయింది. పోల్చుకోలేకపోవడంతో అర్థమే తలకిందులైంది. మాట్లాడిన మనిషి ఉద్దేశం ‘ఆమె మనకేమీ చెప్పలేదు’ అని. మా అమ్మాయి రాసుకున్నది ‘ఆమె మనకు చెప్పింది’ అని.

పిలిచి చూపించాను. “మేడమ్, ఆ ‘డి’ ఎక్కడుంది? నాకు వినపడలేదు” అంది. మళ్లీ వినిపించాను. ఇంకోసారి వినిపించాను. మూడోసారికి తల పైకెత్తి, “ఉంది మేడమ్, కానీ లేనట్టుంది” అంది.

నాకు తెలిసినంతలో ఇంగ్లిష్ లిజనింగ్ గురించి ఇంతకంటే కచ్చితమైన మాట లేదు. ఇంగ్లిష్‌లో వాక్యానికి కాలాన్నీ, అవునా కాదా అన్న సంగతినీ, జరిగిందా జరగాల్సిందా అన్న తేడానూ మోసేవి చాలావరకు చిన్న చిన్న శబ్దాలు. ‘హాజ్’ కుంచించుకుపోయి ఒక ‘జ్’ అవుతుంది. ‘వుడ్’, ‘హాడ్’ రెండూ ఒకే ‘డ్’ అవుతాయి. ‘కెన్’ అన్న మాట వాక్యం మధ్యలో ‘క్‌న్’ అని మాత్రమే వినిపిస్తుంది, కాస్త నొక్కి పలికారంటే అది చాలాసార్లు ‘కాంట్’ అయి ఉంటుంది. ‘ఐ వాక్ టు స్కూల్’, ‘ఐ వాక్ట్ టు స్కూల్’ అన్న రెండు వాక్యాలు గబగబా పలికితే దాదాపు ఒకేలా ఉంటాయి, ఎందుకంటే ‘వాక్ట్’ చివరి ‘ట్’ వెళ్లి ‘టు’లో కలిసిపోతుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు ఆ శబ్దం ప్రత్యేకంగా వినిపిస్తుందనుకోవద్దు. వాళ్లూ చాలాసార్లు వినరు. ముందూ వెనకా ఉన్న మాటల్ని బట్టి, అక్కడ ఏ రూపం ఉండాలో గ్రామర్‌ని బట్టి, లేని శబ్దాన్ని మనసులోనే పూరించుకుంటారు.

మన పిల్లలకు ఇది ఇంకా కష్టం. దానికి కారణం మన భాష నిర్మాణంలోనే ఉంది. తెలుగులో అసలు సంగతి క్రియ చివర ఉంటుంది. వచ్చాడు, వస్తాడు, రాలేదు, వచ్చేవాడు. కాలం, అవును కాదు, మగ ఆడ, అన్నీ ఆ కొసలోనే. దాన్ని చివరి అచ్చు దాకా పలుకుతాం కాబట్టి వినేవాడి చెవి వాక్యం చివరి కోసం ఎదురుచూడటానికి అలవాటు పడిపోతుంది. ఇంగ్లిష్ అదే సంగతిని వాక్యం ముందు భాగంలో, ఎవరూ నొక్కి పలకని ఒక పొడి మాటలో పెట్టి వెళ్లిపోతుంది. మన పిల్లాడి చెవి అక్కడ ఇంకా సర్దుకుంటూనే ఉంటుంది. అతను జాగ్రత్తగా వినడం మొదలుపెట్టేసరికి వినాల్సింది దాటిపోతుంది. ఇది అశ్రద్ధ కాదు. తన భాష నేర్పిన చోట తను వింటున్నాడు.

నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. గ్రామర్, లిజనింగ్ వేర్వేరు సబ్జెక్టులు కావు. గ్రామర్ సగం చెవిలో ఉంటుంది. చెవి పట్టుకోలేని దాన్ని గ్రామర్ పూరించాలి, గ్రామర్ తేల్చలేని దాన్ని చెవి తేల్చాలి. మీ పేపర్ మాత్రం ఒకదాన్ని కాగితం మీద బిట్లుగా కొలుస్తుంది. రెండోదాన్ని అసలు కొలవదు, లేదా మొక్కుబడిగా కొలుస్తుంది. రెండూ కలిసే చోటు, అంటే మా అమ్మాయి తడబడిన చోటు, ఏ ప్రశ్నకూ అందకుండా మిగిలిపోతుంది.

గ్రామర్ బిట్ల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అక్కడ నాకు బాధ ఎక్కువ.

‘వాయిస్ మార్చండి’ అని అడుగుతారు. ‘షి ఈజ్ సింగింగ్ ఎ సాంగ్’ ఇస్తే, ‘ఎ సాంగ్ ఈజ్ బీయింగ్ సంగ్ బై హర్’ అని రాయాలి. కీ ప్రకారం అది పూర్తి మార్కుల జవాబు. ఆ వాక్యాన్ని ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారు? పాసివ్ వాయిస్ ఉన్నదే చేసినవాళ్లెవరో తెలియనప్పుడో, చెప్పనక్కర్లేనప్పుడో వాడటానికి. కిటికీ పగిలింది, ఎవరు పగలగొట్టారో తెలియదు, అప్పుడు ‘ది విండో హాజ్ బీన్ బ్రోకెన్’ అనాలి. ఈ ఎంపిక ఎప్పుడు చేయాలన్నదే అసలు నైపుణ్యం. మీ ప్రశ్న ఆ ఎంపికను ముందే చేసేసి, పిల్లాడికి మాటలు అటూ ఇటూ మార్చే పని మిగులుస్తుంది. ఆ పని లెక్కలాంటిది. సూత్రం వస్తే చాలు, వాక్యం అర్థం కాకపోయినా జవాబు వచ్చేస్తుంది. నేను ఒకసారి అర్థం లేని కల్పిత మాటలతో ఒక వాక్యం రాసి వాయిస్ మార్చమన్నాను. తరగతిలో చాలామంది తప్పు లేకుండా మార్చేశారు. ఆ రోజు నాకు భయమేసింది.

మా దగ్గరే ఇంకో అబ్బాయి ఉన్నాడు, పైన చెప్పిన అమ్మాయికి పూర్తిగా వ్యతిరేకం. ఆటల వ్యాఖ్యానాలు, వీడియోలు గంటల తరబడి వింటాడు. డిక్టేషన్‌లో ‘షీడ్ హావ్’ అన్నదాన్ని ఒక్కసారి విని సరిగ్గా రాసిన ముగ్గురిలో అతనొకడు. మాట్లాడితే కాలం ఎక్కడా తప్పదు. కానీ ప్రశ్నలో ‘పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్‌లోకి మార్చండి’ అని ఉంటే ఆ పేరు దేనిదో గుర్తురాక వదిలేస్తాడు. మీ పేపర్ ప్రకారం అతను వీక్ స్టూడెంట్, ఆమె టాపర్. ఇద్దరినీ ఇంగ్లిష్‌లో నడిచే ఒక తరగతిలో కూర్చోబెడితే పాఠం ఎవరికి అర్థమవుతుందో మీరే ఊహించండి. ఆ అమ్మాయి చదువుకుని సంపాదించుకున్నదాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆమెకు రూల్స్ వచ్చు కాబట్టి చెవి అలవాటు చేయడం తేలిక. అలవాటు చేయాల్సిన అవసరమే లేదని మీ పేపర్ ఆమెకు రెండేళ్లుగా చెబుతూ వచ్చింది, నా అభ్యంతరం దానికే.

డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ విషయంలో కీ తయారుచేసేవారిని వేరుగా వేడుకుంటున్నాను. ‘రేపు వస్తాను’ అని ఒకడు పొద్దున అన్నాడు. ఆ మాటను సాయంత్రం ఇంకొకరికి చెప్పేటప్పుడు ‘హి సెడ్ హీజ్ కమింగ్ టుమారో’ అనడం మంచి ఇంగ్లిషే, ఎందుకంటే ఆ రేపు ఇంకా రానే లేదు. ‘టుమారో’ని తప్పనిసరిగా ‘ది నెక్స్ట్ డే’గా మార్చాలన్న నియమం, ఆ రోజు గడిచిపోయాక చెప్పేటప్పటిది. కీలో మాత్రం ఒకటే జవాబు ఉంటుంది, రెండోదానికి సున్నా. దిద్దే బల్ల ముందు కూర్చుని, ఆలోచించి రాసిన జవాబుకు సున్నా వేయాల్సి రావడం నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించే పని.

ఇలా ఒక్కో రూల్‌ని విడిగా తీసి, ఒక్కో బిట్‌గా పరీక్షించే పద్ధతి కొత్తది కాదు. 1960ల మొదట్లో రాబర్ట్ లాడో అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త ఈ పద్ధతిని గట్టిగా ప్రతిపాదించాడు. దాని వెనక మంచి ఉద్దేశమే ఉంది: దిద్దేవాడి ఇష్టాన్ని బట్టి మార్కులు మారకూడదు. ఆ ఉద్దేశాన్ని నేనూ గౌరవిస్తాను. కానీ ప్రపంచం అక్కడే ఆగిపోలేదు. విదేశీ చదువులకు వెళ్లేవాళ్లు రాసే టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షలో ఒకప్పుడు గ్రామర్‌కి విడిగా ఒక విభాగం ఉండేది. 2005లో ఇంటర్నెట్ రూపం వచ్చినప్పుడు దాన్ని తీసేసి మాట్లాడే విభాగం చేర్చారు. జపాన్‌లో కాలేజీ ప్రవేశానికి రాసే ఉమ్మడి పరీక్ష 2021 జనవరిలో కొత్త రూపంలో మొదలైంది. అంతకుముందు రాతకు 200, లిజనింగ్‌కు 50 పాయింట్లు ఉండేవి. కొత్త పరీక్షలో రీడింగ్‌కు 100, లిజనింగ్‌కు 100. ఉచ్చారణ, పదాల క్రమం, గ్రామర్ అంటూ విడివిడిగా అడిగే బిట్లు తీసేశారు. గ్రామర్ అక్కర్లేదని వాళ్లు అనలేదు. వినడంలోనూ చదవడంలోనూ గ్రామర్ ఎలాగూ పరీక్షకు వస్తుందని వాళ్ల లెక్క.

నేను వాళ్లంత దూరం వెళ్లమని అడగడం లేదు. గ్రామర్ బిట్లు పూర్తిగా తీసేస్తే, రూల్ చెబితేనే ధైర్యం వచ్చే పిల్లలకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. సగం తగ్గించండి. మిగిలిన సగం ఒక సందర్భంలో పెట్టి అడగండి. ఒక చిన్న ఉత్తరమో, ఫిర్యాదో, సంభాషణో ఇచ్చి, అందులో ఏ రూపం సరిపోతుందో పిల్లాడిని ఎంచుకోనివ్వండి. ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులు ఉంటే కీలో అన్నీ రాయండి. నాలుగు ఆప్షన్ల బిట్లు 20 ఇస్తే, ఏమీ చదవకుండా గుడ్డిగా టిక్ పెట్టినవాడికి కూడా సగటున 5 వస్తాయన్నది మర్చిపోకండి.

ఇక లిజనింగ్.

కొన్నేళ్ల కిందట ఒక చోట లిజనింగ్ పరీక్షకు ఇన్విజిలేటర్‌గా వెళ్లాను. ఏ సంస్థో చెప్పడం నా ఉద్దేశం కాదు, ఇలాంటివి చాలా చోట్ల జరుగుతాయి. పొడవాటి గది, ముందు బల్ల మీద ఒకే ఒక స్పీకర్. పైన ఫ్యాన్లు. రికార్డింగ్ మొదలైన అర నిమిషానికి శబ్దం గరగరమని, ఆగి, మళ్లీ మొదలైంది. వెనక బెంచీలో ఇద్దరు పిల్లలు పెన్నులు పట్టుకుని ముందుకు వంగి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెయ్యి ఎత్తడానికి కూడా భయం, ఎందుకంటే పరీక్షలో మాట్లాడకూడదని అరగంట ముందే గట్టిగా చెప్పాం. ఆ ఇద్దరికీ వచ్చిన మార్కులు వాళ్ల ఇంగ్లిష్‌కి కావు, వాళ్లు కూర్చున్న బెంచీకి. ఆ రోజు నేను లేచి, పరీక్ష ఆపి మళ్లీ మొదలుపెట్టమని అడగాల్సింది. అడగలేదు. ఆ సంగతి ఇప్పటికీ గుర్తొస్తుంది, అందుకే ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను.

దక్షిణ కొరియాలో ఏటా నవంబరులో కాలేజీ ప్రవేశ పరీక్ష జరుగుతుంది. ఇంగ్లిష్ పేపర్‌లోని 45 ప్రశ్నల్లో 17 లిజనింగ్‌వి. ఆ భాగం నడిచేటప్పుడు సుమారు 35 నిమిషాల పాటు దేశమంతటా విమానాలు పైకి లేవడం, కిందికి దిగడం ఆపేస్తారు. జపాన్‌లో 2006లో లిజనింగ్ పెట్టినప్పుడు ప్రతి విద్యార్థికీ చేతిలో పట్టే ఒక చిన్న ప్లేయర్, ఇయర్‌ఫోన్లు ఇచ్చారు. అంత ఏర్పాటు అన్ని చోట్లా కుదరదని నాకు తెలుసు. కానీ ఆ ఏర్పాట్ల వెనక ఉన్న ఆలోచన ఎక్కడైనా కుదురుతుంది: అందరికీ ఒకే శబ్దం అందకపోతే అది పరీక్షే కాదు. చిన్న గదులు, గదికి పాతికమంది, పరీక్షకు ముందు ఒక నిమిషం శబ్దం సరిచూసుకోవడానికి ఒక వాక్యం, వెనక బెంచీవాళ్లు చెయ్యి ఎత్తి సరే అన్నాకే మొదలు. వీటికి పెద్ద ఖర్చు లేదు, సూచనల కాగితంలో నాలుగు లైన్లు చాలు.

చెవి మిషన్ పెట్టుకునే పిల్లల గురించి ఆ కాగితంలో ఒక్క మాటైనా రాయండి. గరగరలాడే స్పీకర్ ముందు చెవి మిషన్ అన్ని శబ్దాలనూ కలిపి పెంచుతుంది, మాట ఒక్కదాన్నే పెంచదు. అలాంటి పిల్లలకు వేరే గది ఇచ్చి, ఎదురుగా కూర్చుని పెదవులు కనిపించేలా చదివే మనిషిని పెట్టండి. అదీ కుదరకపోతే ఆ మార్కులను మిగతా పేపర్‌లోకి సర్దండి. ఇది దయతో చేసే సాయం కాదు, వాళ్లకు రావాల్సిన హక్కు.

రికార్డింగ్‌లో ఏముంటుందన్నది ఇంకో సమస్య. చాలాసార్లు ఏదో పుస్తకంలో పేరా తీసుకుని, ఒకరితో నిదానంగా చదివించి, దాన్నే లిజనింగ్ అంటున్నారు. రాసిన భాషను పైకి చదివితే అది మాట్లాడే భాష అయిపోదు. మనుషులు మాట్లాడేటప్పుడు ఆగుతారు, మొదలుపెట్టిన వాక్యం వదిలేసి ఇంకోటి అందుకుంటారు, ఒకే సంగతి రెండుసార్లు చెబుతారు, మాటల్ని కలిపేస్తారు. మామూలు మాట వేగం నిమిషానికి సుమారు 150 పదాలు. నిమిషానికి 80 పదాల చొప్పున, ఒక్కో మాటనూ విడదీసి చదివిన పేరా విని మార్కులు తెచ్చుకున్న పిల్లాడు, ఒక నిజమైన సంభాషణ వినగానే టెన్షన్ పడి, తనకు ఇంగ్లిషే రాదనుకుంటాడు. అలా చదివిన పేరాలో ‘షీడ్ హావ్’ ఉండదు, ‘షి వుడ్ హావ్’ ఉంటుంది. అంటే మన పిల్లలు ఓడిపోయే చోటునే మనం ముందుగా చదును చేసి ఇస్తున్నాం.

గొంతుల విషయంలోనూ ఒక్కదానికే కట్టుబడకండి. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లలో ఎక్కువమందికి అది మాతృభాష కాదు. మన పిల్లలు రేపు వినబోయేది అన్ని రకాల యాసలూ. అవన్నీ మోతాదులో పేపర్‌లో ఉండాలి.

ప్రశ్నలు ఎప్పుడు చూపించాలి, ఎన్నిసార్లు వినిపించాలి అన్నవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ కావు. ఐదు నిమిషాల రికార్డింగ్ అంతా అయ్యాక ప్రశ్నలు ఇస్తే, మీరు పరీక్షించేది వినే శక్తిని కాదు, జ్ఞాపకశక్తిని. దేనికోసం వినాలో ముందే తెలియాలి. టోఫెల్ లాంటిదే అయిన ఐఈఎల్‌టీఎస్ పరీక్ష లిజనింగ్‌లో 4 భాగాలు, 40 ప్రశ్నలు, రికార్డింగ్ ఒకేసారి వినిపిస్తారు, కానీ ఒక్కో భాగానికి ముందు ప్రశ్నలు చూసుకునే సమయం ఇస్తారు. జపాన్ కొత్త పరీక్షలో కొన్ని ప్రశ్నలకు రెండుసార్లు, కొన్నిటికి ఒకేసారి వినిపిస్తారు. నా అభిప్రాయం అడిగితే, మొత్తం విషయం ఏమిటన్న ప్రశ్నకు ఒకసారి చాలు, చిన్న వివరాలు అడిగే ప్రశ్నకు రెండుసార్లు కావాలి. బయట జీవితంలో అర్థం కాకపోతే ‘మళ్లీ చెప్పండి’ అని అడగొచ్చు. పరీక్ష గదిలో పిల్లాడికి ఆ వీలు లేదు. రెండోసారి వినిపించడం దానికి బదులు.

ఇంకో పని చేసి చూడండి. మీ లిజనింగ్ ప్రశ్నలను రికార్డింగ్ లేకుండా, ఉత్త కాగితం మీద పదిమంది పిల్లలకు ఇవ్వండి. నేను ఒక పాత పేపర్‌తో అలా చేశాను. వినకుండానే సగం పైగా ప్రశ్నలకు సరైన జవాబులు రాశారు. ఎలా రాశారని అడిగితే ఒకడు చెప్పాడు: “మేడమ్, చెట్లు నరికితే మంచిదా చెడ్డదా అని అడిగితే వినాలా?” నిజమే కదా. లోకజ్ఞానంతో తేలిపోయే ప్రశ్నకు చెవి అక్కర్లేదు. వింటే తప్ప తెలియనిదే అడగాలి.

మరి నేను కోరుతున్నది ఏమిటి? డిక్టేషన్. పాత పద్ధతి, చిన్న తరగతుల పని అని చాలామంది కొట్టిపారేస్తారని తెలుసు. నేను అడిగేది పేరా మొత్తం రాయించే డిక్టేషన్ కాదు. పేపర్ మీద ఒక సంభాషణ అచ్చువేసి, అందులో గ్రామర్ దాగి ఉన్న చోట్ల మాత్రమే రెండు మూడు మాటల ఖాళీలు వదలండి. ‘షి ——— టోల్డ్ అజ్’ అని ఉంటుంది, పిల్లలు విని ‘వుడ్ హావ్’ అనో ‘డ్ హావ్’ అనో పూరించాలి. వినకుండా పూరిద్దామంటే కుదరదు, ఎందుకంటే ‘హాజ్’, ‘హాడ్’, ‘వుడ్ హావ్’ మూడూ అక్కడ పడతాయి. గ్రామర్ రాకుండా పూరిద్దామన్నా కుదరదు, ఎందుకంటే చెవికి అందేది ఒక చిన్న ‘డ్’ మాత్రమే. చెవీ గ్రామర్ కలిసి పనిచేస్తేనే ఖాళీ నిండుతుంది. పదిహేను ఖాళీలు, రెండుసార్లు వినిపించడం, మొత్తం పది నిమిషాల పని.

దిద్దేటప్పుడు స్పెల్లింగ్‌కి మార్కు కోయకండి. ఐఈఎల్‌టీఎస్‌లో కోస్తారు, నాకు అది నచ్చదు. ‘షుడ్’లో ఒక అక్షరం వదిలేసినా, విన్నాడనీ అర్థమైందనీ కాగితం చెబుతూనే ఉంటుంది. స్పెల్లింగ్ కొలవడానికి మిగతా పేపర్ అంతా ఉంది.

లిజనింగ్ అనగానే మీలో కొందరు వెంటనే అడిగే ప్రశ్న నాకు తెలుసు: ‘ఇంటర్నల్ మార్కులు ఇస్తే అందరికీ ఫుల్ మార్కులు వేసేస్తారు కదా?’ వేసేస్తారు. నేను చూశాను. లిజనింగ్‌కీ, మాట్లాడటానికీ కలిపి ఇచ్చిన మార్కులు తరగతి మొత్తానికి ఒకే అంకెతో నింపిన షీట్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. అందుకే ఈ ఖాళీల డిక్టేషన్ అంటున్నాను. పిల్లలు రాసింది కాగితం మీద ఉంటుంది. ఇంకొకరు తీసి మళ్లీ దిద్దొచ్చు, అనుమానం వస్తే రికార్డింగ్ మళ్లీ విని చూడొచ్చు. నోటితో జరిగే పరీక్షకు ఈ సాక్ష్యం ఉండదు.

పేపర్ మారగానే పాఠం దానంతట అదే మారిపోతుందని కూడా నేను అనడం లేదు. శ్రీలంకలో కొత్త ఇంగ్లిష్ పరీక్ష ప్రవేశపెట్టినప్పుడు డయాన్ వాల్, చార్లెస్ ఆల్డర్‌సన్ అనే పరిశోధకులు తరగతి గదుల్లో కూర్చుని గమనించి, 1993లో ఫలితాలు ప్రచురించారు. పరీక్ష వల్ల టీచర్లు ఏం చెబుతున్నారన్నది మారింది, ఎలా చెబుతున్నారన్నది పెద్దగా మారలేదు. నా అనుభవమూ అదే. లిజనింగ్ పెడితే రేపటికల్లా లిజనింగ్ గైడ్లు వస్తాయి, పిల్లలు జవాబుల్ని బట్టీ పడతారు. అందుకని పేపర్‌తో పాటు టీచర్లకు రికార్డింగులు ఇవ్వండి. ఏడాదికి పది మంచి సంభాషణలు, ఒక్కోటి రెండు నిమిషాలు, వాటి లిఖిత ప్రతి. నా బోటివాళ్లకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. మంచి రికార్డింగ్ లేకనే చాలామంది టీచర్లు పుస్తకంలోని పేరా చదివేస్తున్నారు, బద్ధకం వల్ల కాదు.

ఇంకొక్క అభ్యర్థన. పరీక్ష అయిపోయాక మీ ప్రశ్నల్ని కూడా పరీక్షించండి. ట్రూమన్ కెల్లీ అనే అమెరికన్ గణాంక నిపుణుడు 1939లో చెప్పిన పద్ధతి చాలా తేలిక. ఎక్కువ మార్కులు వచ్చిన 27 శాతం మంది కాగితాలు, తక్కువ వచ్చిన 27 శాతం మంది కాగితాలు పక్కపక్కన పెట్టి, ఒక్కో ప్రశ్నకు ఏ గుంపులో ఎంతమంది సరిగ్గా రాశారో లెక్కపెట్టాలి. బాగా వచ్చినవాళ్లూ, రానివాళ్లూ సమానంగా రాసిన ప్రశ్న ఎవరినీ వేరుచేయడం లేదు. వెనకబడినవాళ్లే ఎక్కువమంది సరిగ్గా రాసిన ప్రశ్నలో, చాలావరకు, తప్పు ప్రశ్నలోనో కీలోనో ఉంటుంది. ఆ ‘టుమారో’ ప్రశ్నను ఇలా చూసి ఉంటే ఎవరైనా కీ తెరిచి చూసేవారేమో. ఒక జిల్లా కాగితాలతోనైనా ఏటా ఈ లెక్క తీసి, ఫలితాన్ని టీచర్లకు పంపితే మేమూ మా తప్పులు తెలుసుకుంటాం.

ఈ ఉత్తరం మొదట్లో చెప్పిన అమ్మాయికి ఆ తర్వాత రోజూ పది నిమిషాలు అలాంటి ఖాళీలే ఇచ్చాను. మొదటివారం కోపగించుకుంది, ‘ఇది పరీక్షలో రాదు కదా మేడమ్’ అంది. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నిజంగానే రాదు. అయినా చేసింది. మూడోవారంలో ఒకరోజు వాక్యం వినిపించగానే, పెన్ను పెట్టకముందే చెయ్యి ఎత్తి, “ఇక్కడ ‘డి’ ఉంది మేడమ్, వినపడలేదు, కానీ ఉండాలి” అంది.

రెండేళ్ల డిక్టేషన్ కాగితాలు, అదే పిల్లల గ్రామర్ పేపర్లు, పేర్లు తీసేసి నా దగ్గర భద్రంగా ఉంచాను. మీరు అడిగిన రోజు పంపిస్తాను. వచ్చే ఏడాది బ్లూప్రింట్ రాయడానికి కూర్చునే ముందు ఒక గంట వాటిని తిరగేయండి.

ఇట్లు,
పై తరగతులకు ఇంగ్లిష్ చెప్పే ఒక టీచర్